అరిగిన కొలత

పోయిన వారం హలోగారిని రేడియో స్టేషన్లో, టేపుల గదిలో, ఒక ఇనుప కుర్చీ మీద కూర్చోబెట్టి వదిలేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. పోయినసారి చదివినవాళ్లు ఒక్క నిమిషం ఓపిక పట్టండి, చదవనివాళ్లకి జరిగిందంతా టూకీగా చెప్పేస్తాను. లేకపోతే వాళ్లు మధ్యలో లేచి "ఎవరండీ ఈ హలోగారు?" అని నా ప్రాణం తీస్తారు.

హలోగారంటే లేత్ మీద ఇనుప సామాన్లు చేసే టర్నరు భార్య. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా ఉన్నన్నాళ్లూ ఊళ్లో ఆవిడ గొంతు తెలియనివాళ్లు లేరు, మొహం తెలిసినవాళ్లూ లేరు. నంబర్లు వాటంతటవే కలిసే మిషన్లు వచ్చాక ఆపరేటర్లని ఇంటికి పంపేశారు గానీ హలో అన్న పేరు మాత్రం ఊడలేదు. ఆవిడకి పాటంటే ప్రాణం. పెళ్లికి ముందు ఒకసారి రేడియోలో పాడమని పిలుపొస్తే, ఆ పూట డ్యూటీ మార్చుకోవడానికి ఎవరూ ఒప్పుకోక వెళ్లలేకపోయింది. ఇంట్లో ఎవరైనా ఆ సంగతి ఎత్తితే ఈనాటికీ మాట మార్చేస్తుంది.

ఇన్నేళ్లకి రేడియోవాళ్లు, పొద్దుటి పాట పాడటానికి ఏడాది పొడుగునా ఒక కొత్త గొంతు కావాలన్నారు. ఇంట్లోనే పాడి పంపండి, క్యాసెట్లు వద్దు, చక్రానికి చుట్టే స్పూలు టేపే పంపండి అన్నారు. స్పూలు టేపురికార్డరు కోసం టర్నరు ఊరంతా గాలించి, చివరికి మైకుసెట్టాయన దగ్గర పట్టుకున్నాడు. ఆయన ఆ వ్యాపారం కట్టిపెట్టి పిండిమర పెట్టుకుంటున్నాడు. "ఇన్నాళ్లూ జనం చెవులు హోరెత్తించాను, ఇకమీదట కడుపులు నింపుతాను" అంటూ మిషను మీద దుమ్ము దులిపాడు. "ఇది నా పెద్దకొడుకనుకోండి, ఏనాడూ ఎదురు చెప్పలేదు" అని కూడా అన్నాడు. ఎదురు చెప్పని మాట నిజమే గానీ, పెద్దకొడుకు మోటారుకి బిగించిన ఇత్తడి పుల్లీ అరిగిపోయి, బెల్టు జారుతోంది. పిండిమరకి టర్నరు ఒక షాఫ్టు చేసిపెట్టేట్టు, దానికి బదులు ఆయన మిషను ఇచ్చేసేట్టు బేరం కుదిరింది. టర్నరు దాన్ని ఇంటికి తెచ్చి, తన లేత్ మీద కొత్త పుల్లీ చేసి బిగించాడు. పడకగది కిటికీకి దుప్పటి కట్టి, ఫ్యాను ఆపి, బట్టల తీగకి మైకు వేలాడదీసి, తల్లి ఒక టేపు, కూతురు ఒక టేపు పాడి పంపారు. కూతుర్ని ఇంట్లో అమ్మడు అంటారు. ఇరవై నాలుగేళ్ల పిల్ల, కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది.

రేడియో నుంచి ఇద్దరికీ ఒకే ఫోనులో జవాబొచ్చింది. తల్లికి: "ఇంత నవనవలాడే గొంతు ఈమధ్య మేం వినలేదు, వచ్చి కలవండి." కూతురికి: "మరీ పసిగొంతు, కొన్నేళ్లాగి ప్రయత్నించమనండి." ఆ రోజునుంచి అమ్మడు స్నానాలగదిలో కూడా కూనిరాగం తీయలేదు. ఇదీ సంగతి. ఇక టేపుల గదిలోకి పదండి.

టేపుల పెద్దాయన స్పూలు తగిలించి, టేపు అంచుని వేలితో సర్ది, మీట మీద చెయ్యి వేశాడు. ఆ గదిలో ఆయన పని టేపులు ఎక్కించడం, దించడం, తెగితే అతికించడం.

"మీ పాటేనమ్మా. వాయిద్యాలవాళ్లు దీన్ని వినే తయారవుతున్నారు. మీరూ ఒకసారి వినేస్తే ఎక్కడ ఆగాలో ఎక్కడ అందుకోవాలో తెలుస్తుంది" అన్నాడు.

పాట మొదలైంది. హలోగారు రెండు పాదాలదాకా మర్యాదకి ఊరుకుంది. పరాయివాళ్ల ఆఫీసు, ఏదో పొరపాటున ఇంకొకరి టేపు పెట్టుంటాడు, పెద్దమనిషిని పట్టుకుని తప్పెంచడం ఎందుకనుకుంది. మూడో పాదానికి ఆవిడ వీపు నిటారుగా అయిపోయింది. మాటలు తనవే. చరణం చివర ఊపిరి అందక కాస్త నొక్కేసిన చోటు తనదే. వెనకాల వినపడీ వినపడనట్టు పడుతున్న నీళ్ల చుక్క, అది తన ఇంటి కుళాయే. కానీ ఆ గొంతు తనది కాదు. హుషారుగా, తేలిగ్గా, ఎక్కడికో బస్సు అందుకోవాల్సినట్టు పాడుతోంది ఎవరో పిల్ల.

"ఇది నేను కాదండీ" అంది.

పెద్దాయన తిరిగి చూశాడు. టేపు వంక చూశాడు, మళ్లీ ఆవిడ వంక చూశాడు. "ఇంకో మాట మాట్లాడండమ్మా" అన్నాడు.

"ఏం మాట్లాడమంటారు?"

"అది చాలు."

ఆయన మిషను పక్కన వేగం మార్చే చిన్న మరని పట్టుకుని మెల్లగా తిప్పాడు. వేగం తగ్గింది. ఆ హుషారు పిల్ల గొంతు మెట్టుదిగి, నిండుగా అయి, కాస్త బరువెక్కి, హలోగారి దగ్గరకొచ్చి ఆగింది.

"ఇప్పుడు?"

"ఇప్పుడు నేనే" అంది ఆవిడ.

పెద్దాయన టేపు ఆపేసి, కుర్చీ దగ్గరకి లాక్కుని చెప్పాడు. "మీ ఇంట్లో మిషను ఉండాల్సినదానికంటే నెమ్మదిగా తిరుగుతోందమ్మా. దాని మీద ఎక్కించిన పాటని సరైన మిషను మీద పెడితే పాట పరుగెత్తుతుంది, గొంతు పైకెక్కుతుంది. మీ ఇంట్లో వింటే మీకు తేడా తెలీదు. ఎక్కించిందీ దాని మీదే, వినేదీ దాని మీదే కదా."

ఆవిడ ఇంకేదో అడగబోయేంతలో కార్యక్రమాల మేడమ్ లోపలికొచ్చింది. చలాకీ మనిషి. కూర్చున్నచోట ఒక్క క్షణం కుదురుండదు, మాటకి ముందు నవ్వుతుంది. "వచ్చారా, రండి రండి, హార్మోనియం ఆయన ఎదురు చూస్తున్నాడు, ఒకసారి కలిపి చూద్దాం" అంటూ చెయ్యి పట్టుకుని పక్క గదిలోకి తీసుకుపోయింది.

హార్మోనియం ఆయన టేపులో విన్న శ్రుతి పట్టాడు. హలోగారు పల్లవి ఎలాగో నెట్టుకొచ్చింది. చరణంలో పాట పైకెళ్లే చోటొకటుంది. అక్కడికొచ్చేసరికి గొంతు ఇక నావల్ల కాదని తెగేసి చెప్పేసింది. జీర వచ్చింది, తర్వాత అదీ రాలేదు.

"జలుబు చేసిందా?" అంది మేడమ్, జాలిగా.

ఆవిడ "అవునండీ" అనేసింది. ఎక్స్‌ఛేంజిలో అన్నేళ్లు లైను కలవకపోతే కలవలేదనే చెప్పిన మనిషి. ఆ ఒక్క అబద్ధం నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో చూసి ఆవిడకే భయం వేసింది. టేపుల పెద్దాయన గుమ్మంలో నిలబడి కళ్లజోడు తుడుచుకున్నాడు.

"వేడినీళ్లు తాగండి, మాటలు తగ్గించండి. రేపు పొద్దున రికార్డింగు. రేపటికి సర్దుకుంటుందిలెండి" అని మేడమ్ భుజం తట్టి పంపింది.

దారి పొడుగునా హలోగారు మాటలు తగ్గించుకునే వచ్చింది. దాచుకున్నవన్నీ మొగుడి కోసం. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా పెరట్లో రేకుల షెడ్డులోకి నడిచింది.

టర్నరు లేత్ ముందు వంగి ఏదో బోల్టుకి మర తీస్తున్నాడు. మనిషి పొట్టి, మాట పొడుగు. తన చేతిలోంచి వెంట్రుకవాసి తేడా ఉన్న వస్తువు ఇప్పటిదాకా బయటికి పోలేదని ఆయన నమ్మకం, ఊరి నమ్మకం కూడా.

"ఏవండీ, ఆ టేపురికార్డరు పుల్లీకి కొలత ఎక్కడ తీసుకున్నారు?"

"అదేం ప్రశ్న? పాత పుల్లీ మీదే తీసుకున్నాను. గాలిలోంచి తీస్తానా?"

"పాత పుల్లీ ఎలా ఉంది?"

"గాడి పడిపోయి ఉంది. అందుకేగా కొత్తది చేసింది. గాడి అడుగున బెల్టు తిరుగుతోంది కాబట్టి అక్కడే కొలత తీసి, అదే కొలతకి..."

అక్కడ ఆగిపోయాడు. లేత్ కట్టేశాడు. అది తిరిగి తిరిగి ఆగేదాకా అలాగే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత బల్ల కింద డబ్బాలోంచి పాత పుల్లీ తీసి, బెల్టు ఎన్నడూ తగలని అంచు దగ్గర కొలిచాడు, గాడి అడుగున కొలిచాడు. మళ్లీ అంచు దగ్గర కొలిచాడు. కొలతలు మారతాయన్న ఆశ ఉన్నట్టుంది, అవి మారలేదు.

"అరిగిపోయినదాన్ని కొలిచి, అచ్చు గుద్దినట్టు చేశాను" అన్నాడు, స్టూలు మీద కూలబడి. "వెంట్రుకవాసి తేడా లేకుండా. అరుగుదలతో సహా."

పుల్లీ చిన్నదైతే బెల్టు మెల్లగా లాగుతుంది, బెల్టు మెల్లగా లాగితే టేపు మెల్లగా కదులుతుంది. ఆ మాత్రం పెళ్లాం వచ్చి అడిగేదాకా తట్టలేదే అని ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. మైకుసెట్టాయన మిషనుతోపాటు ఒక పాత పాటల టేపు కూడా ఇచ్చాడు. అది పెట్టుకుని విన్న రోజున ఇద్దరూ కడుపుబ్బ నవ్వారు, ఈ గాయకుడు నిద్రలో పాడుతున్నాడే అని. గాయకుడి తప్పేమీ లేదు పాపం.

హలోగారు రేడియో స్టేషన్లో జరిగిందంతా చెప్పింది. అరుద్దామనే వచ్చింది గానీ ఆ మొహం చూశాక అరవలేకపోయింది. గొంతు పైకెళ్లకపోవడం చెప్పింది, జలుబని బొంకడం కూడా చెప్పింది. టర్నరు అంతా విని పుల్లీని వేళ్ల మధ్య తిప్పాడు.

"ఒక మాట చెబుతాను, కోప్పడకు" అన్నాడు.

"కోపం వచ్చే మాటకే మీరు అలా మొదలెడతారు."

"స్టేషన్‌కి రాలేను, ఒంట్లో బాగోలేదు, ఇంట్లోనే పాడి పంపుతాను అని చెప్పు. పాటలన్నీ మన మిషను మీదే ఎక్కిద్దాం. వాళ్లకి కావాల్సింది ఆ గొంతు. మనం పంపేది ఆ గొంతు. ఎవరికి నష్టం?"

"పాడేది నేనా, మీ పుల్లీనా?"

"నువ్వే. అందరూ పౌడరు రాసుకుని ఫోటో దిగుతారు. ఇది గొంతుకి పౌడరనుకో."

"పౌడరు కడుక్కుంటే కింద నా మొహమే ఉంటుంది. దీన్ని కడుక్కుంటే ఎవరుంటారు?"

టర్నరు, భార్య కళ్లలో నీళ్లు చూసి, ఆమెని తేలికపరచాలని, తనకి తెలిసిన ఒకే ఒక్క పద్ధతిలో మాట కలిపాడు. "అయినా నువ్వేదో మోసం చేసినట్టు కుమిలిపోతావేమిటి? మిషనుకి నీ మీద ప్రత్యేకమైన ప్రేమేం లేదు. దాని ముందు ఎవరు పాడినా అంతే పైకెక్కిస్తుంది. నువ్వైనా, నేనైనా, మన..."

ఆ మాట ఆయన పూర్తి చేయలేదు. పూర్తి చేయాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నలభై ఏడేళ్ల గొంతుని పైకెక్కిస్తే నవనవలాడే గొంతైంది. ఇరవై నాలుగేళ్ల గొంతుని అంతే పైకెక్కిస్తే?

"పసిగొంతన్నారు" అంది హలోగారు, నెమ్మదిగా. "నా బిడ్డని పసిగొంతని తీసేశారు."

టర్నరు లేచి షెడ్డు తలుపు దగ్గరగా వేశాడు. కూతురు ఇంకా షాపు నుంచి రాలేదు, అయినా వేశాడు. తేలు కుట్టిన దొంగలా గొంతు తగ్గించి అన్నాడు, "ఇప్పుడే చెప్పొద్దు. రేపొక్కరోజు నోరు మెదపకు. రికార్డింగు అయిపోనీ. ఎలాగోలా ఆ చోటు దాటించెయ్యి. తర్వాత దానికి నేనే చెబుతాను, తప్పు నాది కాబట్టి తిట్లు నేనే తింటాను. రేడియోలో ఉన్న చోటు ఒక్కటే. చెప్పావంటే దాని టేపు మళ్లీ వింటారు. విన్నారంటే..."

"విన్నారంటే దాన్నే తీసుకుంటారు" అంది ఆవిడ.

ఆవిడ కూతురి గొంతు ఎరగనిదా? ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచి విన్న గొంతు. అది తనకంటే బాగా పాడుతుందని తెలుసు. తెలిసి సంతోషించిన రోజులే ఎక్కువ. కానీ ఆ ఫోనొచ్చిన రోజున, కూతురికి కాదని తనకి పిలుపొచ్చిన రోజున, అమ్మడిని ఓదారుస్తూనే లోలోపల ఎక్కడో ఒక మూల పొంగిపోయిన మాట కూడా నిజమే. ఇన్నేళ్లకి నా వంతొచ్చిందనుకుంది. ఒకసారి పోయిన చోటు మళ్లీ రావడం అందరికీ జరగదు. దాన్ని మళ్లీ తన చేత్తో తనే వదులుకోవాలా అని ఆవిడ మనసు పీకింది. కన్నకూతురికైనా సరే, ఇవ్వాలనిపించలేదు. సిగ్గుపడుతూనే ఉంది, ఇవ్వాలని మాత్రం అనిపించడం లేదు.

"సరే" అంది. "రేపు అయ్యాకే చెబుదాం."

టర్నరు తలూపాడు. లేత్ జోలికి వెళ్లకుండా, పాత పుల్లీ చేతిలో పట్టుకునే ఇంట్లోకి నడిచాడు.

చీకటి పడకముందే అమ్మడు వచ్చింది. చెప్పులు విప్పి, సంచీ కొక్కేనికి తగిలించి, వంటింట్లోకొచ్చి తల్లి పక్కన నిలబడింది. వారం పదిరోజులుగా తల్లితో ముక్తసరిగా మాట్లాడుతున్న పిల్ల. "ఎలా జరిగిందమ్మా?" అంది.

"బాగానే జరిగింది."

"నీ గొంతేమిటి అలా ఉంది? ఏడ్చావా, అరిచావా?"

"రెండూ కాదు. పాడాను."

అమ్మడు సంచీ దగ్గరికెళ్లి ఒక చిన్న సీసా తెచ్చింది. "మా షాపు పక్కన మందుల షాపాయన్ని అడిగాను. పాడేవాళ్లు నోట్లో వేసుకునే బిళ్లలట. రేపు మైకు ముందుకెళ్లే ముందు ఒకటి చప్పరించు" అంది. తర్వాత తల్లి వంక చూడకుండా, మూత బిగిస్తూ, "ఇన్నాళ్లూ మొహం ముడుచుకుని తిరిగాను, మనసులో పెట్టుకోకు. నాకు రాలేదని ఏడుపు గానీ నీకొచ్చిందని కాదు" అంది.

హలోగారు పొయ్యి ఆర్పేసింది. సీసా తీసుకోవడానికి చెయ్యి ముందుకి రాలేదు. ఈ పిల్ల ముందు రేపటిదాకా నోరు మెదపకుండా ఉండటం కంటే ఆ రేడియో చోటు గంగలో కలిసిపోవడమే నయమనిపించింది. మంచితనం పుట్టుకొచ్చి కాదు, ఆ బరువు మొయ్యలేక.

"అమ్మడూ, కూర్చో" అంది.

గుమ్మం దగ్గర టర్నరు వద్దు వద్దని తలూపుతున్నాడు. ఆవిడ ఆయన వంక చూడలేదు. పుల్లీ సంగతి, టేపుల పెద్దాయన మర తిప్పిన సంగతి, మిషను ఎవరి గొంతునైనా ఒకే లెక్కన పైకెక్కిస్తుందన్న సంగతి, అన్నీ వరసగా చెప్పేసింది. తండ్రీ తల్లీ కలిసి రేపటిదాకా దాచాలనుకున్న సంగతి కూడా దాచలేదు.

అమ్మడు అంతా విని గోడకానుకుని కూర్చుంది.

"అయితే నా గొంతు బాగానే ఉందన్నమాట."

"బాగుండటమేమిటే. ఎప్పుడు బాలేదు గనక" అంది తల్లి.

"మరి నేను రోజూ షాపులో జనం కళ్లకి అద్దాలు మార్చి మార్చి, ఇది బాగా కనపడుతోందా, అది బాగా కనపడుతోందా అని అడుగుతూ, ఈ మాట కూడా నా గొంతుతోనే అడుగుతున్నానే, పసిపిల్లలా ఉందేమో అని ఒక్కొక్క మాటకీ సిగ్గుపడుతూ..." అక్కడ ఆపేసింది. తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, ఊళ్లో ఎవరి బోల్టైనా తప్పుగా చేశావా ఇప్పటిదాకా?"

"లేదమ్మా."

"ఇంట్లోవాళ్లది చేశావు."

టర్నరు తల దించుకున్నాడు. తిట్లు తింటానని ముందే చెప్పిన మనిషి, ఒక్క తిట్టుకే కడుపు నిండిపోయింది. అమ్మడు లేచి ఆయన చేతిలోంచి పాత పుల్లీ లాక్కుని, తిప్పి చూసి, మళ్లీ ఆయన చేతిలోనే పెట్టేసింది. "ఎంత చక్కగా చేశావు నాన్నా, దిక్కుమాలిన పని" అంది. ఆ మాటకి ముగ్గురికీ నవ్వొచ్చింది, నవ్వులోనే అమ్మడికి ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున తల్లీ కూతుళ్లు కలిసే వెళ్లారు. టర్నరు కూడా వస్తానని చొక్కా తొడుక్కున్నాడు, కూతురు ఒక చూపు చూసేసరికి చొక్కా విప్పేసి షెడ్డులోకి వెళ్లిపోయాడు. అంచు కొలతకి కొత్త పుల్లీ చేసే పని ఎలాగూ ఉంది.

మేడమ్ నవ్వుతూ ఎదురొచ్చింది. "జలుబు తగ్గిందా?"

"నాకు జలుబు లేదండీ. నిన్న అబద్ధం చెప్పాను" అంది హలోగారు.

మేడమ్ మొహంలో నవ్వు ఉన్నపళంగా పోలేదు, కొంచెం కొంచెంగా పోయింది. హలోగారు చెబుతుంటే విన్నంతసేపూ మొదటిసారిగా ఒకచోట కుదురుగా నిలబడింది. టేపుల పెద్దాయన పక్కనుంచి, నిజమేనండీ, నేనూ విన్నానండీ అని సాయం వచ్చాడు.

"అయితే నేను పిలిచిన గొంతు మీ ఇంట్లో ఎవరికీ లేదన్నమాట" అంది మేడమ్.

"లేదండీ."

"వాయిద్యాలవాళ్లు వచ్చి కూర్చున్నారు. పై వారం మొదటి పాట గాలిలోకి వెళ్లాలి. ఇప్పుడొచ్చి మీరు ఈ మాట చెబుతున్నారు."

తిట్టినా బాగుండుననుకుంది హలోగారు. అప్పుడు టేపుల పెద్దాయన దగ్గాడు. "ఇంకో టేపుందండీ. వద్దన్న టేపుల్లో పెట్టాం. ఈ అమ్మాయిదే" అంటూ అప్పటికే తీసి ఉంచిన స్పూలు మిషనుకి ఎక్కించి, మీట నొక్కి, చిన్న మరని నిన్న తిప్పినంత మేరకు తిప్పాడు.

గదిలో అమ్మడి గొంతు పలికింది. కిటికీకి దుప్పటి కట్టిన ఆ పడకగదిలో, ఫ్యాను ఆపిన ఉక్కలో పాడిన పాట. పసితనం ఎక్కడా లేదు. కింది స్వరాల దగ్గర చిక్కగా, పైకెళ్లేటప్పుడు తొట్రుపాటు లేకుండా, ఎదిగిన ఆడపిల్ల పాడుతోంది. పాట అయ్యేదాకా ఎవరూ కదల్లేదు. అమ్మడు నేల చూపులు చూస్తూ నిలబడింది.

"ఈ గొంతునా నేను పసిదన్నాను" అంది మేడమ్, తనలో తను అనుకుంటున్నట్టు. తర్వాత తల్లిని చూసింది, కూతుర్ని చూసింది. "టేపుల మీద ఇక నాకు నమ్మకం లేదు. ఇద్దరూ ఇప్పుడే పాడండి. ఎవరి శ్రుతిలో వాళ్లు, ఒకే పాట. తీసుకునేది మాత్రం ఒక్కరినే, అది ముందే చెబుతున్నాను. అమ్మని చూసి అమ్మాయికో, అమ్మాయిని చూసి అమ్మకో ఇచ్చేది లేదు. ముందు ఎవరు పాడతారు?"

అమ్మే పాడుతుందండీ అంటుందనుకుంది హలోగారు. నిన్న సీసా తెచ్చిన పిల్ల, ఆ మాట అనకుండా ఉంటుందా? వద్దులే తల్లీ నువ్వే పాడు అని తను మర్యాదకి ఎలా అనాలో, రెండోసారి బతిమాలితే ఎలా ఒప్పుకోవాలో కూడా మనసులో సిద్ధం చేసుకుంది.

"నేను పాడతానండీ" అంది అమ్మడు. సంచీ తల్లి చేతికిచ్చి, నిన్న తల్లి పాడిన అద్దాల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

హలోగారు ఇవతల గదిలో, టేపుల పెద్దాయన పక్కన, అదే ఇనుప కుర్చీలో కూర్చుంది. ఒళ్లో కూతురి సంచీ. అద్దానికి అటువైపు అమ్మడు చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, హార్మోనియం ఆయనకి తన శ్రుతి చెప్పింది. రికార్డింగు ఎర్రదీపం వెలిగింది. పల్లవి ఎత్తుకుంది. మేడమ్ కళ్లు మూసుకుంది. హలోగారి గుండె నిండిపోయింది, నా పిల్ల అనుకుంది, నా కడుపున పుట్టిన పిల్ల. కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి నూటికి నూరుపాళ్లూ నిజమైన నీళ్లే.

పాట చరణంలోకొచ్చింది. పైకెళ్లే చోటు దగ్గరపడింది. నిన్న తన గొంతు చెయ్యిచ్చిన చోటు. అద్దంలోంచి కూతురు ఊపిరి పీల్చుకోవడం కనపడింది. సరిగ్గా అప్పుడు, పిలవకుండా, ఎక్కడినుంచి వచ్చిందో తెలియకుండా, ఆ తల్లి మనసులోకి ఒక కోరిక వచ్చి కూర్చుంది. తప్పాలి. ఈ ఒక్క చోట అది తప్పాలి.

పాట ఆగిపోయింది.

హార్మోనియం ఒక్క క్షణం ఒంటరిగా మోగి, అదీ ఆగింది. మేడమ్ కళ్లు తెరిచింది. హలోగారు లేచి నిలబడింది, ఒళ్లోని సంచీ కిందపడినా చూసుకోలేదు. తన పాడు మనసే దిష్టై కొట్టిందనుకుంది.

అద్దం అవతల అమ్మడు హెడ్‌ఫోన్లు తీసేసింది. ఆ పిల్ల గొంతు తప్పలేదు, అసలు ఆ స్వరం జోలికే వెళ్లలేదు. అద్దంలోంచి తల్లి మొహాన్నే చూస్తోంది. ఎప్పటినుంచి చూస్తోందో, ఆ మొహంలో ఏం చదివిందో తెలీదు. ఎర్రదీపం వెలుగుతూనే ఉంది, టేపు తిరుగుతూనే ఉంది. అమ్మడు మైకు దగ్గరకి వంగింది.

"అమ్మా," అంది, "లోపలికొచ్చి నా ఎదురుగా నిలబడి, ఇప్పుడు నీ మనసులో ఏమనుకున్నావో చెప్పు. చెప్పాకే పాడతాను."